పొట్టేలును మందలో విడుచు వేళ

ఉత్తర ఇంగ్లండు కొండవాలులయందును, స్కాట్లండు మెట్టసీమలయందును గొర్రెలను మేపి బ్రతుకువారి లెక్కలో సంవత్సరము జనవరితో మొదలు కాదు. నవంబరు మాసపు చివరి దినములలో, చలిగాలికి కొండగడ్డి పాలిపోయి, సాయంకాలము నాలుగు గంటలకే పొద్దు క్రుంకిపోవు రోజులలో, అంతవరకు వేరు దొడ్డియందు ఉంచిన పొట్టేళ్లను తెచ్చి గొర్రెల మందలో విడుచు దినముతో మొదలగును. పల్లపు సీమలవారు ఈ పనిని సెప్టెంబరు చివరనే చేయుదురు. ఆ దినమునకు రెండు మూడు వారముల ముందునుండి గొర్రెలను మంచి బీళ్లలోనికి తోలి వానికి కండ పట్టింతురు. అట్లు చేసినచో కవలలు పుట్టుట అధికమగునని వారికి తరతరముల అనుభవము.

విడుచుటకు ముందు కాపరి జేగురును నూనెతో నూరి, చిక్కని ముద్దగా చేసి, పొట్టేలు రొమ్మునకు దట్టముగా పట్టించును. అది దాటిన గొర్రెకు తోకదాపున ఎర్రని గుర్తు పడును. చూలు నిలువని గొర్రె పదునారు పదునేడు దినములకు మరల ఎదకు వచ్చును గనుక, అన్ని దినములు గడచినంతనే కాపరి జేగురు మాని నీలమో నలుపో మరియొక ముదురు రంగు పూయును. మొదటి రంగుమీద రెండవ రంగు పడిన గొర్రె తొలిమారు చూలు కట్టలేదని అర్థము; ఒకే రంగుతో మిగిలినది కట్టినదని అర్థము; మూడవ రంగు కూడ పడినది గొడ్డుదని ఏరివేయబడును. మంచు పడుచుండగా, మసకవెలుతురులో, మందను ఒక ఇరుకైన ద్వారముగుండ తోలుచు, ఏ గొర్రెపై ఏ రంగున్నదో చూచి, ఏది ఏ వారమున ఈనునో నోటిలెక్కగా చెప్పగలుగు ఆ కాపరి చదువును అల్పమైన చదువని నేను అనజాలను.

గొర్రె చూలు మోయు కాలము సుమారు 147 దినములు మొదలు 150 దినములవరకు ఉండును. ఆ దేశమున నవంబరు 5వ తేదీన బాణసంచా కాల్చు పండుగ యొకటియు, ఏప్రిల్ 1వ తేదీన ఒకరినొకరు వెర్రివారిని చేసి నవ్వుకొను ఆచారమొకటియు కలవు. పొట్టేలు మందలో ఆ బాణసంచా పండుగనాడు అడుగుపెట్టినచో తొలిపిల్ల ఆ వెర్రివారి దినమున నేలబడునని కాపరులు వినోదముగా చెప్పుకొందురు. లెక్కించి చూచినచో ఈ రెండు తేదీల నడుమ సరిగా 147 దినములే కలవు. పంచాంగము చూడని జనులు ఏటేట వచ్చు పండుగలకే తమ వృత్తిలెక్కను ముడివేసికొనుట అన్ని దేశములందును కనబడునదే. మన కాపులు విత్తనములను కార్తెలకు ముడివేసినట్లే వారును పిల్లలను పండుగలకు ముడివేసిరి.

ఈ ఏర్పాటంతయు పిల్లకొరకే. ఈనిన గొర్రె పాలు చేపవలెనన్న పచ్చగడ్డి ఉండవలెను. ఆ కొండలలో గడ్డి ఏప్రిల్ నడిమికి గాని చిగుర్పదు. జనవరి మంచులో పుట్టిన పిల్ల, తల్లి నాకి ఆరబెట్టునంతలోనే, బిగుసుకొనిపోవును. జూలైలో పుట్టినది చలి వచ్చునప్పటికి తగినంత ఎదుగక, ఒడలికి కొవ్వు చేరక, మొదటి శీతకాలమును దాటజాలదు. కనుక పిల్ల పుట్టవలసిన పక్షమును ముందు నిశ్చయించుకొని, అక్కడనుండి అయిదు మాసములు వెనుకకు లెక్కించి, పొట్టేలును విడుచుట కాపరి చేయవలసిన పని. అయితే ఈ లెక్క కాపరికంటె ముందు గొర్రెకే తెలిసియుండుట ఆశ్చర్యకరమైన సంగతి. పొట్టేలును ఏడాది పొడవునను మందలోనే ఉంచినను, ఆ కొండజాతి గొర్రె వేసవిలో దానిని దరిచేరనీయదు. శరత్తు రాగానే తానై వెదకికొని పోవును. పొట్టేలునందును ఈ మార్పు కలదు: వేసవిలో కుదించుకొనియున్న దాని వృషణములు శరత్తునాటికి పెరిగి బరువెక్కును, మెడ బలియును, తోటి పొట్టేళ్లతో కుమ్ములాటకు దిగును.

కాపరియే లేనిచోట ఏమి జరుగునో చూడగోరువారికి అట్లాంటిక్ సముద్రమున, స్కాట్లండునకు పడమట దూరముగానున్న సెయింట్ కిల్డా దీవులు చక్కని సాక్ష్యము. అక్కడి జనులు 1930వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన తమ ఇండ్లను శాశ్వతముగా విడిచి నౌకనెక్కిరి. రెండేండ్లకు, అనగా 1932లో, ప్రక్కనున్న సోయే దీవినుండి 107 గొర్రెలను తెచ్చి, నిర్జనమైన హిర్టా దీవిమీద విడిచిరి. నాటినుండి వానిని కాచువాడు లేడు, వానికి దొడ్డి లేదు, జేగురు లేదు. అయినను ఏటేట నవంబరులో పొట్టేళ్లు పోరాడుకొనుట, ఏప్రిల్‌లో గొర్రెలు ఈనుట తప్పలేదు. దీనినిబట్టి కాపరి ఈ వేళను కల్పించినవాడు కాడనియు, గొర్రె శరీరమున ముందే ఉన్న వేళను కనిపెట్టి దానితో నడుచుకొన్నవాడనియు తేలుచున్నది. పశ్చిమాసియా పర్వతసీమలలో, నేటికి పదివేల యేండ్ల క్రిందట, అడవి గొర్రెలను మచ్చిక చేసినవారికి ఈ వేళ వానితోపాటే సంక్రమించియుండును.

ఈ వేళకు కారణమేమని అడిగినచో మాత్రము, సామాన్యజనులు అనేక శతాబ్దములపాటు చలినే చూపుచు వచ్చిరి. తొలిమంచు పడగానే గొర్రె ఎదకు వచ్చుట కంటికి కనబడుచున్నప్పుడు వేరొక కారణమును వెదకు పని లేదనిపించుట సహజమే. ప్రాచీన యవన రోమక గ్రంథకర్తలు ఈ విషయమున వ్రాసినవానిని చూచినచో, వారికి దేశభేదము బాగుగా తెలిసియుండెననియు, కారణము మాత్రము చిక్కలేదనియు స్పష్టమగును. హోమరు తన ఒడిస్సీ కావ్యమున లిబియా దేశపు గొర్రెలు ఏడాదికి మూడు ఈతలు ఈనునని చెప్పించినాడు. అయిదు మాసముల చూలునకు మూడు ఈతలనిన పదునైదు మాసములు కావలెను గనుక అది కావ్యోక్తియే. కాని దక్షిణపు వేడిదేశములలో గొర్రెకు ఋతునియమము సడలునన్న సత్యము ఆ అతిశయోక్తి వెనుక దాగియున్నది. అరిస్టాటిలు తన జంతుచరిత్రమున, ఎండయు మేతయు అనుకూలముగానున్న చోట్ల గొర్రెలు ఏడాదికి రెండుమారులు ఈనునని వ్రాసెను. దాటునప్పుడు ఉత్తరపుగాలి వీచినచో మగపిల్లలు, దక్షిణపుగాలి వీచినచో ఆడుపిల్లలు పుట్టునని కూడ ఆయన వ్రాసినాడు. ఆ మాట నిలువలేదు.

రోమక పండితుడైన వర్రో క్రీస్తుపూర్వము 37వ సంవత్సరప్రాంతమున రచించిన వ్యవసాయగ్రంథమునందలి గొర్రెల ప్రకరణము నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఆయన తేదీలను నక్షత్రములతో చెప్పెను: స్వాతి అస్తమించినది మొదలు గరుడ నక్షత్రము అస్తమించువరకు, అనగా సుమారు మే నడిమినుండి జూలై నాలుగవ వారమువరకు, పొట్టేలును మందలో ఉంచవలెననియు, ఆ తరువాత కట్టిన చూలునకు పుట్టిన పిల్లలు చిన్నవై బలహీనములగుననియు, చూలుకాలము 150 దినములనియు ఆయన లెక్క. అట్లయినచో పిల్లలు శరదంతమున పుట్టును. ఇటలీలో అప్పటికి ఎండ తగ్గి, తొలివానలకు గడ్డి మొలకెత్తియుండును. ఇంగ్లండు కాపరి పగళ్లు తరుగుచుండగా పొట్టేలును విడిచినచో, రోమక కాపరి పగళ్లు పెరుగుచుండగా విడిచెను. ఇద్దరికిని పిల్ల పచ్చగడ్డిమీద పుట్టుటయే పరమార్థము. ఒకచోట గడ్డిని మంచు ఆపును, మరియొకచోట వేసవి అనావృష్టి ఆపును. మధ్యధరా తీరపు గొర్రెజాతులు నేటికిని వెలుతురునకు అంతగా కట్టుబడక, వసంతగ్రీష్మములలో కూడ ఎదకు వచ్చుట ఈ వర్రో మాటకు బలము చేకూర్చుచున్నది. స్పెయిను దేశపు మెరీనో జాతియు అట్టిదే.

ఇంగ్లండులోనే ఈ నియమమునకు లొంగని జాతి యొకటి కలదు. దక్షిణ తీరమందలి డార్సెట్ మండలపు కొమ్ముగొర్రెలు వసంతమునందే పొట్టేలును చేరనిచ్చి, అక్టోబరు నవంబరు మాసములలో ఈనును. ఇతరుల దొడ్లలో గొర్రెలు ఇంకను చూలుతో నడుచుచుండగా, డార్సెట్ కాపరి తన పిల్లలను కొట్టములలో పాలతో పెంచి, క్రిస్మసు పండుగకు లండను నగర ధనికుల భోజనములకు అమ్మి మంచి ధర పొందుచుండెను. పదునెనిమిదవ శతాబ్దినాటికే ఈ వ్యాపారము ప్రసిద్ధికెక్కినది. ఇరుగుపొరుగున, ఒకే చలిని ఒకే ఎండను అనుభవించు రెండు జాతులు రెండు వేర్వేరు కాలములందు ఈనుచున్నవనిన, చలియొక్కటే కారణమను వాదమునకు ఇక్కడనే చిల్లు పడియుండవలెను. కాని ఆ ప్రశ్నను తిన్నగా అడుగుటకు మరి నూరేండ్లు పట్టెను.

అడిగించినది భూమధ్యరేఖను దాటిన ఓడలు. ఇంగ్లండునుండి బయలుదేరి 1788లో ఆస్ట్రేలియా చేరిన మొదటి నౌకాదళము దారిలో ఆఫ్రికా దక్షిణాగ్రమున గొర్రెలను కొని ఎక్కించుకొన్నది. 1797లో వాటర్‌హౌస్, కెంట్ అను ఇద్దరు నౌకాధికారులు అక్కడనే, గోర్డను దళపతి మందనుండి వచ్చిన మెరీనోలను కొని సిడ్నీ చేర్చిరి. వానిలో కొన్నిటిని మకార్థరు మొదలగువారు తీసికొని పెంచిరి. తరువాత అర్ధశతాబ్దములో ఆ ఖండమంతయు ఉన్నిదేశమైపోయెను. మెరీనోలతోపాటు ఇంగ్లండు జాతులును ఓడలెక్కి ఆస్ట్రేలియాకు, న్యూజీలండునకు, దక్షిణాఫ్రికాకు పోయినవి. అక్కడ డిసెంబరు నడివేసవి, జూన్ నడిశీతకాలము. వచ్చిన గొర్రెలు తొలియేడు తికమకపడి, ఒకటి రెండేండ్లలో తమ ఋతువును సరిగా ఆరు మాసములు ప్రక్కకు జరుపుకొనినవి. యార్క్‌షైరులో అక్టోబరున ఎదకు వచ్చిన జాతి న్యూజీలండులో మార్చి ఏప్రిల్‌లలో రాసాగెను. మాసములపేర్లు గొర్రెకు తెలియవు. తాతముత్తాతలనాటి వాడుకయే దానిని నడుపుచున్నచో అది అక్టోబరునే పట్టుకొనియుండవలెను. ఆకాశమునుండియే ఏదో ఆజ్ఞ దానికి చేరుచున్నదని ఇందువలన స్పష్టమైనది. ఆ ఆజ్ఞ వేడిమిదా, వెలుతురుదా?

ఈ ప్రశ్నను జీవితకాలమంతయు వెంబడించిన పండితుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాన్సిస్ మార్షల్. 1878లో జన్మించిన ఈయన యౌవనమున స్కాట్లండు మందలలో తిరిగి, గొర్రె ఎద చక్రమును గూర్చి 1903లో ఒక పరిశోధనవ్యాసమును, 1910లో ప్రత్యుత్పత్తిశాస్త్రమునకు మూలస్తంభమైన మహాగ్రంథమును ప్రకటించెను. ప్రయోగశాల బల్లవద్ద కూర్చున్నవారు నీచమని తలచు కాలమున, కాపరుల వాడుకలను ప్రమాణముగా స్వీకరించి, వారు చెప్పిన ఈతల లెక్కలను సేకరించి, వానిలోనుండి శాస్త్రమును పిండిన మహనీయుడాయన. ఆ నడుమ ఇతర రంగములనుండి వెలుతురునుగూర్చిన వార్తలు రాసాగెను. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను ఇరువురు, పొగాకు మొక్క పూతకు వచ్చుట పగటి నిడివినిబట్టి యుండునని నిరూపించిరి. 1925లో కెనడాలో విలియం రోవన్ చలికాలపు మంచులోనే చిన్నపక్షుల పంజరములకు దీపములు పెట్టి, పగటిని పొడిగించి, వాని అండకోశములు వసంతమునందువలె పెరుగుట చూపెను. అక్కడ చలి యథాతథముగానుండెను, మారినది వెలుతురొక్కటే. మార్షల్ 1936లో రాయల్ సొసైటీ ఎదుట చేసిన ఉపన్యాసమందును, మరుసటి యేట భూమధ్యరేఖను దాటిన జంతువులనుగూర్చి వ్రాసిన వ్యాసమందును, ఈ సాక్ష్యములనన్నిటిని ఒకచోట కూర్చి, ఋతుధర్మమును నిర్ణయించు బాహ్యకారణములలో వెలుతురునకు అగ్రస్థానమిచ్చెను.

గొర్రెవిషయమున ప్రత్యక్షనిరూపణము చేసినవాడు అదే కేంబ్రిడ్జిలో పనిచేసిన యేట్స్. ఆయన పద్ధతి సులభమైనది, ఓపిక మాత్రము ఘనముగా కావలసినది. శీతకాలమున తరిగిపోయిన పగళ్లను దీపములతో పొడిగించి, వేసవి పగళ్లను చీకటి కొట్టములతో కుదించి, కొన్ని గొర్రెలకు సంవత్సరమును తలక్రిందు చేసెను. ఎండచలులు మాత్రము వానికిని, బయట మేయు తోటిగొర్రెలకును ఇంచుమించు ఒక్కటియే. బయటి గొర్రెలు పొట్టేలును కన్నెత్తి చూడని వేసవి దినములలో, పగళ్లు తరుగుచున్నవని భ్రమించిన కొట్టములోని గొర్రెలు ఎదకు వచ్చెను. 1949లో ప్రకటితమైన ఆ వ్యాసమునందు, పగలు తరుగుట మొదలైన పదమూడు మొదలు పదునారు వారములకు గొర్రెలు ఎదకు వచ్చుచున్నవని ఆయన చూపెను. వృద్ధుడైన మార్షల్ ఆ యేడే కాలధర్మము చెందెను.

ఈ వారముల లెక్క నన్ను బహుకాలము ఆలోచింపజేసినది. జూన్ 21వ తేదీతో ఉత్తరాయణము ముగిసి పగలు తరుగుట ఆరంభించును. ఇంగ్లండు పల్లపు సీమల కాపరులు తరతరములుగా పొట్టేలును విడుచు మైకేల్ దేవదూత పండుగ సెప్టెంబరు 29వ తేదీ. ఈ రెంటి నడుమ సరిగా నూరు దినములు, అనగా పదునాలుగు వారములపై రెండు దినములు. చీకటి కొట్టములలో దీపములు వెలిగించి ఆర్పి కేంబ్రిడ్జి పండితుడు కనుగొన్న గడువును, ఏ దీపమును లేని కాపరి తన పండుగల జాబితాలో ఎన్నడో వ్రాసికొనియుండెను. అతడు కారణమును తప్పు చెప్పియుండవచ్చును, దినమును మాత్రము తప్పలేదు.

ప్రకృతి వేడిమిని విడిచి వెలుతురును ఏల నమ్మినదో ఊహించుట కష్టము కాదు. ఒక యేడు చలి ముందుగా వచ్చును, ఒక యేడు వెనుకగా వచ్చును. దానిని నమ్మి ఎదకు వచ్చిన గొర్రె ఏదో ఒక యేట తన పిల్లను మంచుపాలు చేయును. పగటి నిడివి అట్టిది కాదు. ఏ తేదీన ఎంతయో ఆ తేదీన అంతే, వేయి యేండ్లకైనను తేడా రాదు. ఉత్తరమునకు పోయినకొలది ఈ సంకేతము బలపడును: లండనులో జూన్‌నందు సుమారు 16 గంటల 40 నిమిషములుండు పగలు డిసెంబరునాటికి 8 గంటలకు కొంచెము తక్కువగును. ఈజిప్టునుండి కేంబ్రిడ్జికి వచ్చి చదివిన హాఫెజ్ అను పండితుడు 1952లో పలుజాతులను పోల్చిచూచి, కొండలలోను ఉత్తరదేశములలోను పుట్టిన జాతులకు ఎదకాలము పొట్టిదనియు, మెరీనో డార్సెట్ జాతులకు దీర్ఘమనియు, ఏ జాతికైనను ఆ కాలపు నడిమిభాగము ఏడాదిలో అత్యల్పమైన పగటికి చేరువగా పడుననియు వ్రాసెను.

కంటబడిన వెలుతురు గర్భాశయమువరకు ఎట్లు చేరునన్నది ఇటీవలి కథ. మెదడు నడుమ చింతగింజకంటె చిన్నదైన ఒక గ్రంథి కలదు. ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ దానిని ఆత్మకు స్థానమని భావించెను. 1958లో అమెరికాలో ఆరన్ లెర్నరు అను వైద్యుడు ఎద్దుల తలలనుండి సేకరించిన ఇట్టి గ్రంథులనుండి మెలటోనిన్ అను రసమును వేరుచేసెను. ఈ రసము చీకటివేళలందు మాత్రమే రక్తములోనికి స్రవించును. రాత్రి ఎంత నిడివియో రసప్రవాహమును అంత నిడివి. గొర్రె పగటిని లెక్కించుటలేదు, రాత్రిని లెక్కించుచున్నది. 1980 ప్రాంతములందు మిషిగన్ రాష్ట్రమున ఆ గ్రంథిని తొలగించిన గొర్రెలకు, దీర్ఘరాత్రిని పోలునట్లు గంటలకొలది మెలటోనిన్‌ను రక్తమునకెక్కించి, శరత్తు వచ్చినట్లు వాని శరీరమును నమ్మింపగలిగిరి. తరువాత కొలదికాలమునకే ఆ మందును చెవివెనుక చర్మము క్రింద చిన్న గుళికగా ఇమిడ్చి, ఋతువునకు ముందే ఈతలు పొందు పద్ధతి ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశముల రైతులకు అందెను. పగటి నిడివిని మార్పులేక ఉంచినను గొర్రెకు ఒక అంతర్గతమైన సంవత్సరచక్రము తిరుగుచునే యుండుననియు, వెలుతురు దానిని ఏటేట సరిదిద్దుచుండుననియు కూడ తెలియవచ్చినది.

ఇంతమాత్రమున వేడిమికి ఈ వ్యవహారమున పాలు లేదనుకొనుట పొరపాటు. 1955లో కెంటకీ రాష్ట్రమున డట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరుడును వేసవిలో కొన్ని గొర్రెలను చల్లబరచిన గదులలో ఉంచగా, బయట ఎండలో ఉన్నవానికంటె అవి కొన్ని వారములు ముందుగా ఎదకు వచ్చెను. కాపరులు చలికి ఇచ్చిన గౌరవము పూర్తిగా వట్టిది కాదన్నమాట. దాటిన తరువాతి తొలి దినములలో ఎండదెబ్బ తగిలినచో, అప్పుడే రూపు కట్టుచున్న పిండము నశించును. గొర్రె ఏమియు జరుగనట్లే మరల ఎదకు వచ్చును. కాపరి పొట్టేలును నిందించును. పొట్టేలు కష్టము వేరు. దాని వృషణములు శరీరముకంటె నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండవలెను. వ్రేలాడు తిత్తి ఆ చల్లదనముకొరకే ఏర్పడినది. తీవ్రమైన ఎండ ఆ చల్లదనమును చెరచినచో బీజము పాడగును. ఆస్ట్రేలియాలో గన్ మొదలగువారు 1942లో ప్రకటించిన పరిశోధనలలో, నడివేసవి వేడికి మెరీనో పొట్టేళ్ల బీజము ఎట్లు క్షీణించునో వివరింపబడినది. బీజము తయారగుటకు సుమారు ఏడు వారములు పట్టును గనుక, ఎండదెబ్బ ఫలము ఎండ తగ్గిన తరువాత కూడ చాలదినములు మిగిలియుండును. వెలుతురు వేళను నిర్ణయించును. ఆ వేళ ఫలించునో లేదో వేడిమి చేతిలోనున్నది.

మన తెలుగుదేశమునకు వచ్చినచో ఈ రెంటి అధికారములు తారుమారగును. హైదరాబాదులో అతిదీర్ఘమైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషములు, అతిహ్రస్వమైనది సుమారు 11 గంటల 5 నిమిషములు. నెల్లూరులో తేడా ఇంకను తక్కువ. ఇంత స్వల్పభేదముపై ఋతువును కట్టుకొనుటకు మన గొర్రెకు అవసరమును లేదు, ఆధారమును లేదు. దక్కని జాతి నల్లగొర్రె, దాని ఉన్నితోనే కురుమలు గొంగళ్లు నేయుదురు. నెల్లూరు జాతి ఉన్నిలేని పొడవుకాళ్ల గొర్రె, అందు పల్ల, జోడిపి, దొర అను తెగలు కలవు. ఇవన్నియు ఏడాదిలో ఏ మాసముననైనను ఎదకు రాగలవు. అయినను మందలలో ఈతలు గుంపులుగానే వచ్చును. వానిని గుంపుగూర్చునది వాన. రోహిణి కార్తె ఎండలకు బీళ్లు మాడి, గొర్రెలు డస్సి, తుమ్మకాయలతోను చెట్టునీడతోను కాలము గడుపును. మృగశిర ప్రవేశించి నాలుగు వానలు పడి, గడ్డి మొలకెత్తి, గొర్రె కడుపునిండ మేసి ఒడలు నిగ్గు తేరినంతనే మందలో ఎద కనబడును. అప్పుడు కట్టిన చూలు కార్తీక మార్గశిరములందు ఈనును; అప్పటికి చెరువుగట్లు పచ్చగానుండును, కోతలు సాగుచుండును, కోసిన చేలలో మేత దొరకును, రైతులు ఎరువుకొరకు చేలలో మంద కట్టించుకొని గింజలిత్తురు. వర్రో చెప్పిన ఇటలీ లెక్కకును ఈ లెక్కకును ఎంత చుట్టరికమున్నదో చదువరులు గమనింతురుగాక. రెండు చోట్లను పిల్లకు వేళ పెట్టునది వానయే.

ఉన్నియు మాంసమును అధికమగునన్న ఆశతో చలిదేశపు పొట్టేళ్లను మన దేశమునకు తెప్పించుట చాలకాలముగా జరుగుచున్నది. అట్టి పొట్టేలు రోహిణి ఎండకు లోనైనచో, మృగశిరలో గొర్రెలు ఎదకు వచ్చువేళకు దాని బీజము ఇంకను కోలుకొనియుండదు. మన నాటుపొట్టేలునకు ఎండ అలవాటే యైనను, వైశాఖ జ్యేష్ఠములందు దానికి నీడయు, నీరును, వేకువమేతయు కల్పించుట వృథాప్రయాస కాదు. వానలు పడిన తరువాత చేయు సేవకంటె ముందు చేసిన సేవయే దానికి పనికివచ్చును. చలిదేశములకై వ్రాసిన పుస్తకములోని తేదీలను మన దొడ్లకు అంటించుట మాత్రము కూడని పని. ఆ తేదీలు ఆ సీమల పగళ్లకు చెందినవి.

ఇంగ్లండు కాపరి లెక్కలను ఒక మార్షల్ శ్రద్ధగా విని వ్రాసికొనెను గనుకనే పై చరిత్ర మనకు దక్కినది. మన గొల్లల, కురుమల లెక్కలు ఇంకను నోటనే ఉన్నవి: ఏ కార్తెలో ఎద, ఏ కార్తెలో ఈత, ఏ యేట వాన తప్పినచో ఈత ఎన్ని వారములు జరిగినది, ఏ పొట్టేలు ఎండకు చెడినది. ఆ పెద్దల కొడుకులు పట్టణములలో పనులకు పోవుచున్నారు. పశువైద్యకళాశాలలలో చదువు యువకులు సెలవులలో తమ తమ ఊళ్ల మందలవద్దకు పోయి, ఆ ముసలివారిని అడిగి, ఊరిపేరుతోను కార్తెపేరుతోను ఈ లెక్కలను వ్రాసి భద్రపరుపవలెనని నా ప్రార్థన.